సెల్లార్‌లో ప్లగ్గు: అపార్ట్‌మెంట్ ఈవీ చార్జింగ్ విశేషాలు

ఎలక్ట్రిక్ కారు కొనడానికి ఒక పూట చాలు. అపార్ట్‌మెంట్‌లో దాని దాకా కరెంటు తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. ఫ్లాటు ఐదో అంతస్తులో, మీటరు ఒక మూల, పార్కింగు ఇంకో మూల. మధ్యలో బిల్డరు, అసోసియేషన్, విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం). ఈ చిక్కును విప్పడానికి మన దేశంలోనూ బయటా నియమాలు చాలానే వచ్చాయి. వాటిలో ఫ్లాటు కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు, అసోసియేషన్ నడిపేవాళ్లు తెలుసుకోవాల్సిన విశేషాలు ఇవి.

ఐదింట ఒకటి ఈవీకి

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2016 నాటి నమూనా భవన నిబంధనలను 2019 ఫిబ్రవరిలో సవరించింది. కొత్త భవనాల పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతాన్ని విద్యుత్ వాహనాల చార్జింగుకు సిద్ధంగా ఉంచాలని అందులో చేర్చింది. సొంత ఇల్లు కట్టుకునేవారికి కనీసం ఒక స్లో చార్జరు, ఆపైన ఎన్ని కావాలో వాళ్ల ఇష్టం. గ్రూప్ హౌసింగ్‌కు మాత్రం లెక్క ఉంది. కార్లయితే ప్రతి మూడు ఈవీలకు ఒక స్లో చార్జరు, ప్రతి పదింటికి ఒక ఫాస్ట్ చార్జరు. స్కూటర్లు, బైకులు, ఆటోలకు రెండేసి బళ్లకు ఒక స్లో చార్జరు. 100 కార్ల పార్కింగు ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఈ లెక్కన 20 కార్ల చోటు ఈవీలకు పోతుంది. వాటికి ఏడు స్లో చార్జర్లు, రెండు ఫాస్ట్ చార్జర్లు రావాలి.

లోడు లెక్కకు పావు వంతు అదనం

అదే సవరణలో 1.25 అనే ఒక చిన్న అంకె ఉంది. చార్జింగ్ పాయింట్లన్నీ ఒకేసారి నడిస్తే ఎంత లోడు పడుతుందో లెక్కకట్టి, దాన్ని 1.25తో హెచ్చించి, అంత విద్యుత్తుకు భవనం ముందే సిద్ధపడాలి. ట్రాన్స్‌ఫార్మరు, మెయిన్ కేబుల్, ప్యానెల్ బోర్డు, అన్నీ ఆ లెక్కకు సరిపోవాలి. భవనం యాభై ఏళ్లుంటుంది కాబట్టి ఈ పావు వంతు వృథా పోదు. కట్టేటప్పుడు పెద్ద కేబుల్ వేయడానికి అయ్యే ఖర్చు, తర్వాత గోడలూ నేలా తవ్వి మార్చడానికయ్యే ఖర్చులో చిన్న భాగమే.

నమూనా అంటే ఆదేశం కాదు

భవన నిర్మాణ అనుమతులు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. కేంద్రం ఇచ్చింది నమూనా. రాష్ట్రం దాన్ని తన నిబంధనల్లో చేర్చుకున్నప్పుడే బిల్డరుకు అది కట్టుబాటు అవుతుంది. తెలంగాణలో భవన నిబంధనలకు మూలం 2012 నాటి జీవో 168. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119. రెండింటికీ తర్వాత సవరణలు వస్తూనే ఉన్నాయి. కొత్త ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేముందు బిల్డరును అడగాల్సింది "చార్జింగ్ పెడతారా" అని కాదు. మంజూరైన ప్లానులో చార్జింగుకు ఎన్ని చోట్లు చూపించారు, ఎంత లోడు మంజూరు చేయించుకున్నారు అని అడగాలి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకుండా కాగితం చూడాలి.

చార్జింగ్ సేవ, కరెంటు అమ్మకం కాదు

మన దేశంలో లైసెన్సు లేనిదే కరెంటు అమ్మకూడదు. మరి అసోసియేషన్ చార్జరు పెట్టి, వాడుకున్నవారి దగ్గర డబ్బు తీసుకుంటే? ఈ సందేహాన్ని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తీర్చింది. బ్యాటరీని చార్జ్ చేయడం ఒక సేవ అనీ, 2003 విద్యుత్ చట్టం కింద దానికి లైసెన్సు అక్కర్లేదనీ స్పష్టం చేసింది. సెల్లార్‌లో ఉమ్మడి చార్జరు పెట్టుకుని యూనిట్‌కు ఇంత అని వసూలు చేసుకునే అసోసియేషన్‌కు అండగా నిలిచేది ఈ వివరణే.

ఇంటి మీటరు చాలు

విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో ఉన్న కనెక్షన్ నుంచే వాహనాన్ని చార్జ్ చేసుకోవచ్చు. దానికి ఇంటి టారిఫే వర్తిస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మన రాష్ట్రాల్లో ఇంటి కరెంటు శ్లాబుల్లో నడుస్తుంది. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. కారు నెలకు 120 యూనిట్లు తాగితే ఆ యూనిట్లన్నీ పై శ్లాబులోకే వెళ్లే అవకాశం ఎక్కువ. ఎండాకాలంలో ఏసీలు కూడా తోడైతే బిల్లు ఇంకా పైకి పోతుంది. ఇంటి మీటరు నుంచి లాగడమా, విడిగా మీటరు తీసుకోవడమా అన్నది పాత బిల్లులు ముందేసుకుని తేల్చుకోవాలి. శాంక్షన్డ్ లోడు సరిపోతుందో లేదో కూడా అదే బిల్లు మీద కనిపిస్తుంది.

విడిగా మీటరు అడిగే హక్కు

2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించినప్పుడు కేంద్రం ఒక ముఖ్యమైన మాట చేర్చింది. ఈవీ చార్జింగుకు వేరే కనెక్షన్ కావాలని వినియోగదారుడు కోరుకోవచ్చు. కొత్త కనెక్షన్ ఇవ్వాల్సిన గడువును కూడా ఆ సవరణే కుదించింది. మెట్రో నగరాల్లో ఏడు రోజుల నుంచి మూడు రోజులకు, మిగతా పట్టణాల్లో పదిహేను నుంచి ఏడుకు, గ్రామాల్లో ముప్పై నుంచి పదిహేనుకు తగ్గించింది. కొత్తగా లైనో ట్రాన్స్‌ఫార్మరో వేయాల్సి వస్తే మాత్రం గడువు పెరుగుతుంది. అందుకే ఒక్కొక్కరూ విడివిడిగా దరఖాస్తు చేసుకోవడం కంటే, అపార్ట్‌మెంట్ మొత్తానికి రాబోయే లోడు ఎంతో అంచనా వేసి డిస్కం ఏఈతో ఒకేసారి మాట్లాడటం మేలు.

స్టిల్ట్ పార్కింగు బిల్డరు సొత్తు కాదు

ఓపెన్ పార్కింగునూ స్టిల్ట్ పార్కింగునూ ఫ్లాట్ల నుంచి విడదీసి గ్యారేజీల్లా అమ్ముకునే అధికారం బిల్డరుకు లేదని 2010 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముంబయికి చెందిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో, మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద వచ్చిన తీర్పు అది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కూడా ఓపెన్ పార్కింగును ఉమ్మడి ప్రాంతాల్లో చేర్చింది. చార్జింగ్ వైరు మీటరు బోర్డు నుంచి బండి దాకా వెళ్లే దారి ఎక్కువగా ఉమ్మడి గోడలు, ఉమ్మడి పైకప్పు మీదుగానే సాగుతుంది. కాబట్టి అసోసియేషన్ సమ్మతి తీసుకోవడం న్యాయం. కారణం చెప్పకుండా ఆ సమ్మతి ఆపడం మాత్రం న్యాయం కాదు.

నేలకు 80 సెంటీమీటర్ల పైన

చార్జింగ్ పాయింట్లకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రత్యేకంగా భద్రతా నియమాలు పెట్టింది. సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలన్నది వాటిలో ఒకటి. మన ఊళ్లకు ఇది ఎంత అవసరమో 2024 సెప్టెంబరులో విజయవాడ చూసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ సెల్లార్లు ఎన్నో మునిగాయి. నీళ్లు చేరే అలవాటున్న సెల్లార్‌లో 80 సెంటీమీటర్లు కూడా చాలవు. అలాంటిచోట స్టిల్ట్ అంతస్తులోనో, ఎత్తయిన ఆరుబయటి పార్కింగులోనో చార్జర్లు పెట్టాలి. సెల్లార్‌ మొత్తానికీ కరెంటు ఒక్క దెబ్బకు ఆపేసే స్విచ్చి పైఅంతస్తులో ఉండాలి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు

చార్జింగుకు ఎక్స్‌టెన్షన్ తీగ వాడకూడదనీ, చార్జింగ్ పాయింటుకు ఐదు మీటర్ల లోపే బండి నిలపాలనీ విద్యుత్ ప్రాధికార సంస్థ నియమాలే చెబుతాయి. బాల్కనీ నుంచి వేలాడే వైరు, కిటికీలోంచి దిగే తీగ, పార్కింగులో ఇటు నుంచి అటు నేల మీద పాకే ఎక్స్‌టెన్షన్, ఇవన్నీ నియమానికి విరుద్ధం. మిక్సీ కొన్ని నిమిషాలే తిరుగుతుంది. కారు ఎనిమిది తొమ్మిది గంటలు ఏకధాటిగా 15 ఆంపియర్ల దాకా లాగుతూనే ఉంటుంది. సన్నని వైరు, వదులైన ప్లగ్గు ఆ వేడికి కరిగిపోతాయి.

ఒక్కో పాయింటుకు ఒక్కో సర్క్యూటు

ప్రతి చార్జింగ్ పాయింటుకూ విడిగా సర్క్యూటు, దానికి సొంత ఎంసీబీ ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్లకు మించని లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. ఈ ఆర్‌సీసీబీ మనిషి ప్రాణం కోసం. కరెంటు దారితప్పి ఒంటి గుండా పోబోతే క్షణంలో లైను తెంచేస్తుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు చార్జింగే మొదలుపెట్టవు. "కొత్త చార్జరు పనిచేయడం లేదు" అని కంపెనీకి ఫోను చేసేముందు పాత భవనంలో ఎర్తింగ్ గుంత ఎండిపోయిందేమో చూడటం మంచిది.

గోడ మీది పెట్టె అసలు చార్జరు కాదు

కారుకు ఇంట్లో ఇచ్చేది ఏసీ కరెంటు. బ్యాటరీకి కావాల్సింది డీసీ. ఆ మార్పు చేసే అసలు చార్జరు కారులోనే ఉంటుంది. గోడకు బిగించే పెట్టె కారుతో మాట్లాడి, ఎంత కరెంటు తీసుకోవచ్చో చెప్పి, ప్రమాదం వస్తే ఆపే కాపలాదారు. కారులోని చార్జరు 3.3 కిలోవాట్లదైతే గోడ మీద 7.2 కిలోవాట్ల పెట్టె పెట్టినా 3.3 కంటే ఎక్కువ తీసుకోదు. కాబట్టి పెట్టె కొనేముందు కారు పుస్తకం చూడాలి. అసోసియేషన్ వేసే కేబుల్ మాత్రం రేపటి కార్లను కూడా దృష్టిలో పెట్టుకుని లావుగా ఉండటమే తెలివి.

ఇరవై కార్లు, 144 కిలోవాట్లు... కానీ

అసోసియేషన్ సమావేశాల్లో అందరినీ భయపెట్టే లెక్క ఒకటుంది. 20 కార్లు, ఒక్కోటి 7.2 కిలోవాట్లు, వెరసి 144 కిలోవాట్లు. ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోదు, ఎవరికీ అనుమతి వద్దు అని తీర్మానం. రెండో లెక్క కూడా చూడాలి. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే కారుకు కావాల్సింది సుమారు నాలుగున్నర యూనిట్లు. 20 కార్లకు 90 యూనిట్లు. రాత్రి ఎనిమిది గంటల్లో పంచితే సగటు లోడు పదకొండు కిలోవాట్ల చిల్లరే. 144కూ 11కూ మధ్య ఉన్న ఈ తేడాను వాడుకునే పద్ధతే లోడ్ మేనేజ్‌మెంట్. చార్జర్లన్నీ ఒక నియంత్రణ కింద ఉంటాయి. లిఫ్టులు, మోటార్లు నడిచేటప్పుడు చార్జర్లు తగ్గి నడుస్తాయి, అర్ధరాత్రి లోడు తగ్గాక పెరుగుతాయి. తెల్లారేసరికి అందరి బళ్లూ నిండి ఉంటాయి. ఎవరికి వారు విడివిడిగా చార్జర్లు పెట్టుకుంటూ పోతే ఈ సౌలభ్యం దక్కదు. మొదట పెట్టుకున్న ఐదారుగురికే భవనం లోడంతా సరిపోయి, తర్వాత వచ్చినవారికి మొండిచెయ్యే మిగులుతుంది.

పగటి కరెంటు చవక

సోలార్ కరెంటు మధ్యాహ్నం పుష్కలంగా ఉంటుంది. అందుకే విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు మార్గదర్శకాలు చార్జింగ్ స్టేషన్లకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు ధర సూచించాయి. తుది రేటు ఆయా రాష్ట్రాల నియంత్రణ మండళ్లు నిర్ణయిస్తాయి. ఇంటి నుంచి పనిచేసేవారు, పదవీ విరమణ చేసినవారు పగలు చార్జ్ చేసుకునేలా అసోసియేషన్ వేళలు పెడితే ఖర్చూ తగ్గుతుంది, రాత్రి రద్దీ కూడా తగ్గుతుంది.

పైకప్పు సోలారుకు కిలోవాట్‌కు 18 వేలు

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం విడి ఇళ్లకే అని చాలామంది అనుకుంటారు. గ్రూప్ హౌసింగ్ సొసైటీలకూ నివాసుల సంఘాలకూ కూడా అందులో చోటుంది. ఉమ్మడి అవసరాలకు పెట్టుకునే సోలారుకు కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ, 500 కిలోవాట్ల పరిమితి దాకా. ఆ ఉమ్మడి అవసరాల్లో ఈవీ చార్జింగును పేరుపెట్టి చేర్చారు. టెర్రస్ మీద ఎండ ఊరికే పోతున్న అపార్ట్‌మెంట్లన్నీ ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

3,500 రూపాయల లోపు చార్జరు

మన రోడ్ల మీది ఈవీల్లో ఎక్కువ శాతం స్కూటర్లు, బైకులు, ఆటోలే. వాటి కోసం 2021లో భారతీయ ప్రమాణాల సంస్థ ఒక చౌక చార్జింగ్ పాయింటుకు ప్రమాణం తెచ్చింది. పార్కింగు గోడకు బిగించుకునేది, 3 కిలోవాట్ల దాకా ఇచ్చేది, ధర 3,500 రూపాయలు దాటకూడదన్నది లక్ష్యం. ఫోనుతో ఆన్ చేసుకుని, ఎవరు ఎంత వాడారో లెక్క తేల్చుకోవచ్చు. ఒక్క కారు ఫాస్ట్ చార్జరు ఖర్చుతో స్కూటర్ల వరస మొత్తానికి పాయింట్లు వస్తాయి. అపార్ట్‌మెంట్‌లో మొదటి అడుగు ఎక్కడ వేయాలో తెలియనివారు ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. అద్దెకున్నవారూ, డెలివరీ బాబులూ, వాచ్‌మన్ కుటుంబమూ వాడుకునేది ఇదే.

స్కూటరుకు స్వదేశీ కనెక్టరు

ఏసీ, డీసీ రెండు రకాల చార్జింగూ ఒకే కనెక్టరుతో జరిగే ప్రమాణాన్ని చిన్న వాహనాల కోసం మన ప్రమాణాల సంస్థ 2023 అక్టోబరులో ఆమోదించింది. దాని సంఖ్య ఐఎస్ 17017, రెండో భాగం, ఆరో విభాగం. పూర్తిగా మన దేశంలో రూపుదిద్దుకున్న ప్రమాణం ఇది. కంపెనీకొక ప్లగ్గు ఉన్నంతకాలం ఉమ్మడి చార్జరు ఎవరిది పెట్టాలన్న పేచీ తప్పదు. ప్రమాణం పాటించే పరికరాలే కొంటామని అసోసియేషన్లు పట్టుబడితే ఆ పేచీ తగ్గుతుంది.

పన్నులు ఎప్పుడో తగ్గాయి

2019 ఆగస్టు 1 నుంచి విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, చార్జర్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో జీవో 41 ఇచ్చి, 2026 డిసెంబరు 31 దాకా విద్యుత్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. బండి కొనిపించే రాయితీలు బాగానే ఉన్నాయి. బండి నిలిపే చోట కరెంటు అందించే పని కూడా అంతే పట్టుదలతో సాగాలి.

ఢిల్లీ చూపిన దారి

ఢిల్లీలో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, షాపుల పార్కింగుల్లో పెట్టే మొదటి 30,000 స్లో చార్జింగ్ పాయింట్లకు ఒక్కోదానికి 6,000 రూపాయల రాయితీ ప్రకటించారు. అంతకంటే ముఖ్యం, దరఖాస్తు, కనెక్షన్, చార్జరు బిగింపు అన్నీ డిస్కం ద్వారా ఒకే కిటికీలో జరిగే ఏర్పాటు చేశారు. అసోసియేషన్ ఒకచోటికి, ఎలక్ట్రీషియన్ ఇంకోచోటికి, డిస్కం మరోచోటికి తిప్పే బాధ అలా తప్పుతుంది. మన రెండు రాష్ట్రాలూ తెచ్చుకోదగిన పద్ధతి.

అరవై రోజుల్లో జవాబివ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే

కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లోని 4745వ సెక్షన్ ప్రకారం, సొంత ఖర్చుతో చార్జరు పెట్టుకుంటానన్న ఫ్లాటు యజమానిని సంఘం అకారణంగా అడ్డుకోకూడదు. దరఖాస్తుకు 60 రోజుల్లో రాతపూర్వకంగా కాదనకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. కావాలని ఉల్లంఘిస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. ఆ రాష్ట్రంలోని కాండోల్లో (సొంత ఫ్లాట్ల సముదాయాల్లో) ఉంటున్న మన తెలుగువాళ్లు చాలామందికి ఈ సెక్షన్ పనికొస్తుంది. దరఖాస్తుదారు బాధ్యతలు కూడా చట్టంలో ఉన్నాయి. లైసెన్సున్న పనివాడితో పెట్టించాలి, కరెంటు ఖర్చు తానే భరించాలి, ఉమ్మడి ఆస్తికి నష్టం జరిగితే తానే బాగుచేయించాలి.

కాదనాలంటే కారణం చూపాలి

ఫ్రాన్స్ 2010 దశకం మొదట్లోనే ఫ్లాటు వాసులకు "ప్లగ్గు హక్కు" ఇచ్చింది. అద్దెకుండేవారికి కూడా అది వర్తిస్తుంది. స్పెయిన్‌లో సొంత పార్కింగు చోట్లో చార్జరు పెట్టుకోవాలంటే సంఘానికి ముందుగా తెలియజేస్తే సరిపోతుంది, ఓటింగ్ అక్కర్లేదు. జర్మనీ 2020 డిసెంబరులో ఫ్లాట్ల చట్టం మార్చి చార్జింగ్ సదుపాయం కోరే హక్కును ప్రతి యజమానికీ ఇచ్చింది. ఎలా పెట్టాలన్నది సంఘం నిర్ణయిస్తుంది, అసలు పెట్టనివ్వాలా వద్దా అన్నది కాదు. నార్వేలోనూ సరైన కారణం ఉంటేనే బోర్డు కాదనగలదు. 2024లో ఆ దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తి విద్యుత్ కార్లే.

90 నుంచి 50 శాతానికి

సింగపూర్‌లో కాండోల్లో చార్జింగ్ కంపెనీకి దీర్ఘకాలం చోటు ఇవ్వాలంటే 90 శాతం మద్దతు కావాల్సి వచ్చేది. 2023 డిసెంబరు 8న అమల్లోకి వచ్చిన చట్టం పదేళ్ల లోపు ఒప్పందాలకు దాన్ని 50 శాతానికి దించింది. కొత్త భవనాల్లో కనీసం 1 శాతం చోట్లలో చార్జర్లు ఉండాలి, 15 శాతానికి సరిపడా విద్యుత్ ఏర్పాటు ముందే ఉండాలి. చార్జరు ఇవాళ పెట్టకపోయినా పరవాలేదు, కరెంటు దారి మాత్రం ఇవాళే వేయాలన్నది ఆ లెక్కలోని ఆలోచన.

చార్జరుకు కాదు, కేబుల్‌కు డబ్బు

హాంకాంగ్ 2020లో పాత అపార్ట్‌మెంట్ల పార్కింగుల కోసం 200 కోట్ల హాంకాంగ్ డాలర్ల పథకం ప్రారంభించింది, తర్వాత మరో 150 కోట్లు చేర్చింది. అందులో చార్జరు కొనిచ్చే మాట లేదు. కేబుళ్లు, ట్రేలు, ప్యానెళ్లు మాత్రమే ప్రభుత్వం ఖర్చు. చార్జరు ఎవరికి కావాల్సినప్పుడు వారు పెట్టుకుంటారు. కెనడాలోని వాంకూవర్ 2019 జనవరి నుంచి కొత్త నివాస భవనాల్లో ప్రతి పార్కింగు చోటునూ ఈవీకి సిద్ధం చేయాలంది. యూరోపియన్ యూనియన్ 2024 ఆదేశం ప్రకారం మూడుకు మించి కార్ల చోట్లున్న కొత్త నివాస భవనాల్లో సగం చోట్లకు కేబుళ్లు, మిగతా సగానికి పైపులు కట్టేటప్పుడే వేయాలి, కనీసం ఒక చార్జింగ్ పాయింటు ఉండాలి.

రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా 12 యూనిట్లు

ఆస్ట్రేలియా 2022 నిర్మాణ కోడ్ అపార్ట్‌మెంట్లకు కిలోవాట్లలో కాక యూనిట్లలో కొలత పెట్టింది. ప్రతి పార్కింగు చోటుకూ రాత్రి 11 నుంచి ఉదయం 7 మధ్య కనీసం 12 యూనిట్లు ఇవ్వగల ఏర్పాటు ఉండాలి. అంటే సగటున ఒకటిన్నర కిలోవాట్లు. సామాన్య ప్రయాణికుడికి అది ధారాళంగా సరిపోతుంది. ఇంటి చార్జింగుకు వేగం కంటే నిలకడ ముఖ్యమని గుర్తించిన నియమం.

ఇంగ్లండ్‌లో 1.6 మీటర్ల ఎత్తు, పది నిమిషాల ఆలస్యం

ఇంగ్లండ్‌లో 2022 జూన్ 15 నుంచి పార్కింగు ఉన్న ప్రతి కొత్త ఇంటికీ, ఫ్లాటుకూ చార్జింగ్ పాయింటు తప్పనిసరి, కనీసం 7 కిలోవాట్లది. ప్లానింగ్ అనుమతి లేకుండా గోడకు బిగించుకునే పెట్టె 0.2 ఘనపు మీటర్లు మించకూడదు. ఇంటి ఆవరణలో నిలువుగా నాటే స్తంభం 1.6 మీటర్లు దాటకూడదు. వారసత్వ కట్టడాల్లో ఈ మినహాయింపు వర్తించదు. 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి చార్జర్లు ఉదయం, సాయంత్రం రద్దీ వేళలు తప్పించి చార్జ్ చేసేలా ముందే అమర్చి ఉంటాయి. అవి పది నిమిషాల లోపు యాదృచ్ఛికంగా కొంత ఆగి మొదలవుతాయి. చవక రేటు మొదలవగానే లక్షల బళ్లు ఒకే సెకనులో కరెంటు లాగకుండా ఆ జాగ్రత్త.

ఇంచియాన్ నేర్పింది

2024 ఆగస్టు 1న దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపి ఉన్న ఈవీకి మంటలంటుకున్నాయి. అప్పుడు అది చార్జింగులో లేదు. ఎనిమిది గంటలకు పైగా మంటలు సాగాయి, వందకు పైగా కార్లు దెబ్బతిన్నాయి. పైకప్పు నుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్లను సిబ్బందిలో ఒకరు ఆపేశారని తర్వాత దర్యాప్తులో తేలింది. చార్జర్లను నిషేధించినంత మాత్రాన భద్రత రాదు. స్ప్రింక్లర్లు, పొగ పసిగట్టే పరికరాలు, గాలి మరలు పనిచేస్తున్నాయా లేదా అన్నది ముఖ్యం.

మన దగ్గరి విషాదాలు

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లాలోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటర్ల బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింది భాగంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న హోటల్ భవనంలో మంటలు రేగి, పొగ పైకి ఎగబాకి, ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత బ్యాటరీ భద్రత ప్రమాణాలు కఠినమయ్యాయి. ఈ సంఘటనలన్నీ చెప్పే పాఠం ఒక్కటే. పడకగదిలో, హాల్లో, తలుపు పక్కన, మెట్ల కింద బ్యాటరీ చార్జింగ్ పెట్టకూడదు. పార్కింగులో సరైన పాయింటు లేకపోతే జనం ఇంట్లోకే బ్యాటరీ మోసుకెళ్తారు. చార్జింగ్ పాయింటు వద్దనే అసోసియేషన్ ప్రమాదాన్ని ఆపడం లేదు. పై అంతస్తులకు పంపుతోంది.

మెట్ల దారికి దూరంగా

చార్జింగ్ చోటు ఎంచుకునేటప్పుడు మెట్లు, లిఫ్టు లాబీ, జనరేటరు, గ్యాస్ బ్యాంకు, ట్రాన్స్‌ఫార్మరు పక్కన వద్దు. ఫైరింజను సిబ్బంది పైపులతో చేరుకోగలిగే చోటు కావాలి. వరండాలా గాలి ఆడే స్టిల్ట్ పార్కింగు లోతైన సెల్లార్ కంటే నయం. చార్జర్లను జనరేటరు బ్యాకప్ మీద పెట్టకూడదు. కరెంటు పోయినప్పుడు లిఫ్టులు, మోటార్లు నడవాల్సిన డీజిల్ కార్లకు ఖర్చయిపోతుంది.

వచ్చే జనరల్ బాడీలో అడగండి

ఈ విశేషాలన్నీ కలిపి చూస్తే తేలేది ఒకటే. చార్జింగ్ అనేది ఒక ఫ్లాటు వ్యవహారం కాదు, భవనం మొత్తం వ్యవహారం. వచ్చే సమావేశంలో ఐదు సంగతులు అడగండి. మన ట్రాన్స్‌ఫార్మరుకు ఇంకా ఎంత లోడు మిగిలింది? అర్హత ఉన్న ఎలక్ట్రికల్ ఇంజినీరుతో ఒకసారి లెక్క వేయించామా? మీటరు గది నుంచి పార్కింగు దాకా ఉమ్మడి కేబుల్ ట్రే ఒకటి వేస్తే ఎంతవుతుంది? దరఖాస్తు ఇచ్చినవారికి ఎన్ని రోజుల్లో, ఏ షరతులతో జవాబిస్తాం? స్ప్రింక్లర్లు చివరిసారి ఎప్పుడు పరీక్షించాం?

ఈ ఐదు జవాబులూ రాతలో పెట్టి, తీర్మానం చేసి, నోటీసు బోర్డు మీద అంటించండి. ఇవాళ మీ అపార్ట్‌మెంట్‌లో ఒక్క ఈవీయే ఉండొచ్చు. పదో ఈవీ వచ్చాక మొదలుపెట్టే పనికి ఖర్చూ ఎక్కువ, తగువులూ ఎక్కువ. మొదటి బండి వచ్చినప్పుడే కరెంటు దారి వేసుకునే భవనంలో ఎవరూ వైరు వేలాడదీయనక్కర్లేదు, ఎవరూ బ్యాటరీ మోసుకుని ఇంట్లోకి వెళ్లనక్కర్లేదు.